మాస్టారి గొంతును ఫార్మాట్‌లో పెట్టిన వైనం

ఒక మనిషి గొంతును, అదీ ఊరంతా గౌరవించే మనిషి గొంతును, ఒక్క వేలితో నొక్కి మాయం చేసిన ఆడమనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. చేతులు కట్టుకుని మీ ముందు నిలబడ్డాను. నాలుగేళ్ళ కిందట నేను చేసిన ఘనకార్యం పూసగుచ్చినట్టు చెబుతాను. నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. మా చర్చిలో జనమంతా అప్పుడే నవ్వేశారు కాబట్టి కొత్తగా తీసేయడానికి నా దగ్గర పరువు ఏమీ మిగల్లేదు.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు తొందర ఎక్కువ. బస్సు ఆగకముందే లేచి తలుపు దగ్గర నిలబడతాను. ఎవరైనా ఫోన్ చేసి "విషయం ఏంటంటే" అనగానే "సరేనండీ, అలాగే" అని పెట్టేస్తాను. తర్వాత ఆ విషయం ఏంటో కనుక్కోవడానికి మళ్ళీ నేనే ఫోన్ చేస్తాను. పెళ్ళిచూపుల్లో తను పేరు చెప్పేలోపే నాకు సమ్మతమేనని తలూపేశానని మా ఆయన ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంటారు. అందులో అబద్ధం లేదు. కాఫీ చల్లారిపోతోందని నా కంగారు.

మాది రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో ఒక ఊరు. పక్క మండలంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా ఎదురిల్లు జీవరత్నం మాస్టారిది. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చర్చిలో మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆయనే క్వయర్ మాస్టారు. హార్మోనియం ముందు కూర్చుని ఆయన ఒక కీర్తన ఎత్తుకుంటే బయట చెప్పుల దగ్గర కబుర్లాడుకునేవాళ్ళు కూడా నోరు మూసుకుని లోపలికి వచ్చేసేవారు. అంత గొంతు ఆయనది.

నేను పన్నెండో ఏట ఆ క్వయర్‌లో చేరాను. నా గొంతు మరీ తీసిపారేయదగింది కాదు. చిక్కల్లా ఒక్కటే, ఎక్కడ ఎత్తుకోవాలో అక్కడికి రెండడుగులు ముందే ఎత్తుకుంటాను. ముప్పై మంది ఊపిరి పీలుస్తుంటే నేనొక్కదాన్నే పాట మొదలెట్టేస్తాను. అలా జరిగినప్పుడల్లా మాస్టారు హార్మోనియం ఆపేసి నన్ను ఒక మాట అనేవారు. ఆ మాటేంటో ఇప్పుడే చెప్పను. నేను ఏదైనా ఆపుకోగలనని మీకు కూడా తెలియాలి కదా.

తర్వాత మాస్టారికి గొంతులో జబ్బు చేసింది. కాకినాడలో ఆపరేషన్ చేసి మనిషిని దక్కించారు గానీ గొంతు దక్కలేదు. అప్పటి నుంచి ఆయన చేతిలో ఒక పలక, జేబులో బలపం ఉంటాయి. ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తారు. ఫోన్‌లో టైపు చేయొచ్చు కదండీ అని ఎవరో సలహా ఇస్తే, "కోపం వచ్చినప్పుడు అక్షరం పెద్దగా రాయడానికి అందులో చోటేదీ?" అని పలక మీద రాసి చూపించారట.

అదృష్టవశాత్తూ ఆయన ముందుచూపు గల మనిషి. క్వయర్ పిల్లలు వరసలు మర్చిపోకూడదని ప్రతి కీర్తననూ తానే పాడి, హార్మోనియంతో సహా రికార్డు చేసి పెట్టుకున్నారు. ముందు క్యాసెట్లలో ఉండేవి. వాటికి బూజు పడుతుంటే అన్నింటినీ ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక హార్డ్ డిస్క్‌లో భద్రం చేసి, క్యాసెట్లు పారేశారు. డిస్క్‌ని రెండు భాగాలు చేయించి ఒకదానికి 'పాటలు' అని, రెండోదానికి 'ఇల్లు' అని పేరు పెట్టించారు. మరి ఫోన్లలో ఎవరూ రికార్డు చేయలేదా అంటారేమో. ప్రాక్టీసుకి వచ్చిన వాళ్ళందరి ఫోన్లూ ఆయన ఒక బిస్కెట్ల డబ్బాలో వేయించి మూత పెట్టేసేవారు. పండుగల్లో తీసిన వీడియోల్లో మాస్టారి గొంతు కంటే డోలకే ఎక్కువగా వినిపిస్తుంది. కాబట్టి ఆ గొంతు ఈ భూమ్మీద సరిగ్గా ఒక్క చోట ఉంది. ఆ ఒక్క చోటును తెచ్చి నా చేతిలో పెట్టారు.

తెచ్చింది మాస్టారి భార్య సుగుణమ్మ పిన్నిగారు. ఆ ఆదివారం కోత పండుగ. పొలం మీద పండిన మొదటి గింజ దగ్గర్నుంచి పెరట్లో కాసిన సొరకాయ దాకా దేవుడి ముందు పెట్టే రోజు. పండుగ కీర్తనకు మాస్టారే వరస కట్టారు. ఆ రోజు మొదటి చరణం రికార్డులోని మాస్టారి గొంతు పాడాలి, రెండో చరణం నుంచి క్వయర్ అందుకోవాలి. ఇదీ మా పాస్టరు గారి ఆలోచన. డిస్క్‌లోంచి ఆ పాట తీసి ఇవ్వడం ఎవరి పని? ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే విమల పని. అందరూ నా వైపే చూశారు. నేను చెయ్యి కూడా ఎత్తేశాను.

పిన్నిగారు డిస్క్‌ని ఒక శుభ్రమైన చేతిరుమాలులో చుట్టి తెచ్చారు. "జాగ్రత్తమ్మా విమలా. ఆయన గొంతు విని రెండేళ్ళయింది. ఇది పెట్టుకుని వినండీ అంటే ఆయన వినరు, నన్ను విననివ్వరు. ఇప్పటికి ఒప్పుకున్నారు," అన్నారు.   ఆఫీసు బస్సుకి టైమైపోతోందని ఆ మాట పూర్తిగా వినకుండానే డిస్క్ సంచిలో వేసుకుని పరిగెత్తాను.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్‌కి డిస్క్ తగిలించాను. 'పాటలు', 'ఇల్లు' రెండూ కనిపించాయి. 'పాటలు' తెరిస్తే వందల కీర్తనలు వరసగా ఉన్నాయి. పండుగ కీర్తన ఒక్కటే తీసుకుంటే ఈ కథ ఉండేది కాదు. పిన్నిగారు సంతోషిస్తారని మొత్తం పాటలన్నీ కాపీ చేద్దామనుకున్నాను. అది నెమ్మదిగా సాగుతోంది, మొదటి పాట కూడా ఇంకా పూర్తిగా ఎక్కలేదు. మధ్యలో వరండాలో మా సూపరింటెండెంట్ గారి చెప్పుల చప్పుడు వినిపించింది. బయటి డిస్కులు ఆఫీసు మిషన్‌కి పెట్టకూడదని ఆయన రూలు. నేను చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. నేను చేసిన పని మాత్రం వైరు పట్టుకుని ఒక్క లాగు లాగేయడం.

ఆయన లోపలికి రాలేదు. వరండా చివర చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

మళ్ళీ వైరు తగిలించాను. 'ఇల్లు' పేరు కనిపించింది. 'పాటలు' అన్న పేరు పోయి, ఆ చోట వట్టి ఎఫ్ అనే అక్షరం ఒక్కటే నిలబడింది. దాని మీద నొక్కితే తెర మీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. ఈ డిస్క్‌ని వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని.

కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. కాస్త ఓపిక పట్టండి, మా ఆఫీసు భాష మీకు చెప్పాలి. మా దగ్గర ఫార్మాట్ అంటే గళ్ళు గీసిన కాగితం. మొదట క్రమసంఖ్య, తర్వాత పేరు, హోదా, వివరాలు, చివర్లో రిమార్కులు. పై ఆఫీసు నుంచి ఏ ఉత్తరం వచ్చినా 'సమాచారమును జతపరచిన ఫార్మాట్‌లో పంపవలెను' అని ఉంటుంది. మనం పంపిన వివరం ఎంత నిజమైనా సరే, ఫార్మాట్‌లో లేకపోతే మర్నాటికల్లా తిరిగొచ్చేస్తుంది. నా సర్వీసంతా కలిపి నేను నేర్చుకున్న సత్యం ఒక్కటే, ఏ పని జరగాలన్నా ముందు దాన్ని ఫార్మాట్‌లో పెట్టాలి. అలాంటి నన్ను ఒక మిషన్ ఎంతో మర్యాదగా ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే, నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. వైరు లాగేసరికి మాస్టారి పాటలు చిందరవందరయ్యాయి, పాపం వాటిని గళ్ళలో సర్దుతానంటోంది అనుకున్నాను. చేయమన్నాను.

అది ఊరికే చేయలేదు, ఇంకో కాగితం చూపించింది. అందులో 'క్విక్' అని ఒక గడిలో టిక్కు పెట్టి ఉంది. మా పై ఆఫీసుకి కూడా ఇలాంటి గడి ఒకటి ఉంటే ఎంత బావుండునో అనుకుంటూ ముందుకి నొక్కాను. ఆ తర్వాత పెద్దక్షరాలతో ఒక హెచ్చరిక వచ్చింది. ఉత్తర్వుల కింద 'లేనిచో చర్యలు తీసుకొనబడును' అని ప్రతిసారీ ఉంటుంది కదా, ఇదీ అదే బాపతు అనుకుని చదవకుండా ఓకే కొట్టాను. క్షణంలో పూర్తయిందని చెప్పింది. నేను ఆత్రంగా తెరిచి క్రమసంఖ్య కోసం చూశాను. క్రమసంఖ్య లేదు. పేరు లేదు. కడిగిన కంచంలా తెల్లగా ఉంది.

ఇక్కడితో ఆగినా ఇంత పీకల మీదికి వచ్చేది కాదు. డిస్క్ అసలు పనిచేస్తోందా లేదా అని నాకు అనుమానం వచ్చింది. పరీక్ష చేద్దామని మా కంప్యూటర్‌లో ఉన్న వాటిలోకెల్లా పెద్ద ఫోల్డరు తీసి అందులోకి ఎక్కించాను. చక్కగా ఎక్కింది. పైనుంచి మాకు పంపిన శిక్షణ వీడియోలు అవి, మొత్తం నలభై భాగాలు. వాటి పేరు నేను జన్మలో మర్చిపోలేను. 'ఫార్మాట్లు నింపు విధానము.'

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. మెల్లగా మాట్లాడే మనిషి. అంతా విని, చొక్కా గుండీలు తీసుకుంటూ, "విమలా, కంప్యూటర్ భాషలో ఫార్మాట్ అంటే ఊడ్చి పారేయడం," అన్నారు.

"ఊడ్చేస్తే మరి పాటలెక్కడికి పోయుంటాయండీ?"

"చెత్త ఎక్కడికి పోద్దో అక్కడికి."

 డిస్క్‌ని రెండు భాగాలు చేశారు కదా, అన్నదమ్ములు పంచుకున్న పొలంలా ఒకరి వాటాలో పోయింది రెండో వాటాలో ఉంటుందేమోనని అడిగాను. 'ఇల్లు' తెరిచి చూపించారు మా ఆయన. అందులో పిన్నిగారి మేనకోడళ్ళ ఫొటోలు, కరెంటు బిల్లులు, మాస్టారి ఆస్పత్రి కాగితాలు ఉన్నాయి. మాస్టారి గొంతు ఎలా పోయిందో చెప్పే కాగితాలన్నీ క్షేమంగా ఉన్నాయి, గొంతు ఒక్కటే లేదు. ఆ రోజు అన్నం సయించలేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక లేచి ఇల్లంతా తిరిగాను.

బుధవారం పొద్దున్నే గేటు తీసేసరికి మాస్టారు ఎదురుగా ఉన్నారు. పలక ఎత్తి చూపించారు. "పాట దొరికిందా?"

"డిస్క్ సర్వీసింగుకిస్తున్నానండీ మాస్టారూ," అన్నాను. నోటికొచ్చింది అదే.

ఆయన పలక తుడిచి మళ్ళీ రాశారు. "దానికి సర్వీసింగేంటి? మోటార్ సైకిలా?"

నాకు బస్సు వచ్చేస్తోందండీ అని పరుగందుకున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టి రాజమండ్రి దేవీచౌక్ దగ్గర ఒక సందులో ఉన్న కంప్యూటర్ రిపేరు షాపుకి వెళ్ళాను. షాపు సూరిబాబు గారిది. యాభై దాటిన మనిషి, ఆయన టీ గ్లాసు ఎత్తి దించేలోపు నేను రెండు కీర్తనలు పాడేయగలను. నేను ఒక్క గుక్కలో కథంతా చెప్పేశాను. ఆయన "ఆయ్" అని, టీ పూర్తిచేసి, గ్లాసు కిటికీలో పెట్టి, అప్పుడు డిస్క్ చేతిలోకి తీసుకున్నారు.

ఆయన చెప్పింది విని నాకు ప్రాణం లేచొచ్చింది. కీర్తనల పుస్తకంలో ముందు పేజీల్లో విషయసూచిక ఉంటుంది కదా, క్విక్ ఫార్మాట్ అంటే ఆ విషయసూచిక చింపేయడమేనట. లోపలి పేజీలు అలాగే ఉంటాయట. ఏ కీర్తన ఎక్కడుందో తెలియదు కాబట్టి మిషన్ ఏమీ లేదనుకుంటుంది. ఓపిగ్గా పేజీపేజీ వెతికే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో అన్నీ తీయొచ్చు. పేర్లు మాత్రం రావు.

"ఒక్కటే షరతండి," అన్నారు సూరిబాబు గారు. "పోయిన తర్వాత దాని మీద కొత్తగా ఏమీ ఎక్కించకూడదండి. కొత్తది ఎక్కిస్తే పాతదాని మీదే రాసేస్తది. మీరేమీ ఎక్కించలేదు కదండీ?"

"అబ్బే, లేదండీ."

ఆయన డిస్క్ తగిలించి తెర వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "మరి ఈ 'ఫార్మాట్లు నింపు విధానము' ఎవరు పాడిందండీ మేడమ్ గారూ?"

"పరీక్ష కోసమండీ," అన్నాను సంచి సర్దుకుంటూ.

వెతుకులాట మొదలైంది. తెర మీద ఒక గీత, పక్కన ఒక అంకె. ఒక శాతం. నేను కుర్చీలోంచి లేచి సందు చివరి దాకా వెళ్ళి వచ్చాను. ఒక శాతం. మళ్ళీ వెళ్ళాను, అరటిపళ్ళు కొన్నాను, వచ్చాను. ఒక శాతం. ఇది రేపు మధ్యాహ్నం దాకా నడుస్తుంది, మీరు ఇంటికెళ్ళండమ్మా అని ఆయన బతిమాలారు. ఇంటికొచ్చి గంటకోసారి ఫోన్ చేశాను. పదకొండోసారో పన్నెండోసారో ఆయన ఎంతో గౌరవంగా, "మేడమ్ గారండీ, మీరు ఫోన్ చేశారని అదేమీ పరిగెత్తదండి. నేనే ఫోన్ ఎత్తడానికి లేస్తూ కూర్చుంటున్నాను," అన్నారు.

గురువారం సాయంత్రం దొరికినవన్నీ వేరే డిస్క్‌లో వేసి ఇచ్చారు. వేలకొద్దీ ముక్కలు. ఒక్కదానికీ పేరు లేదు, అన్నింటికీ అంకెలే. ఇందులో మాస్టారు ఎక్కడున్నారో మీరే విని పట్టుకోవాలండి అన్నారు.

అలా నా వినికిడి మొదలైంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర తరిగాను, బట్టలు ఆరేశాను, శుక్రవారం ఆఫీసులో వచ్చిన ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కించాను. ఒక ముక్క తెరిస్తే బరబరమని చప్పుడు. ఇంకొకటి తెరిస్తే హార్మోనియం రెండు మెట్లు పలికి ఆగిపోతుంది. ఇంకొకటి తెరిస్తే మాస్టారి గొంతు!  నాలుగు మాటలు పాడేసరికి గరగరమని తెగిపోయేది. పోనీలే, తర్వాతి దాంట్లో ఉంటుందని ఆశగా తెరిస్తే ఎవరో ఒకావిడ స్పష్టంగా, మృదువుగా, "ఇప్పుడు మనం నాలుగో కాలమ్ చూద్దాం," అనేది. ఆ శిక్షణ వీడియోలు కూడా ముక్కలై ఇందులో కలిసిపోయాయి. మాస్టారి ముప్పై ఏళ్ళ సాధనను ముక్కలు చేసినావిడ మాత్రం నలభై భాగాల్లోనూ ఎక్కడా తడబడలేదు. ఆవిడెవరో నాకు తెలియదు. తెలిసుంటే నేనేం చేసేదాన్నో కూడా తెలియదు.

శుక్రవారం సాయంత్రం మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక కాగితం తెచ్చారు. పండుగ కీర్తన అయ్యాక ఇంకా ఏయే పాటలు తీసి పిల్లలకివ్వాలో వరసగా రాసుకొచ్చారు. అందమైన గుండ్రటి అక్షరాలు. అది నా చేతిలో పెట్టి, పలక మీద నెమ్మదిగా రాశారు. "నేనూ వింటాను. ఎలా ఉండేదో మర్చిపోతున్నాను."

నా మీద నాకు అసహ్యం వేసింది. నిజం చెప్పేయాలని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి మాట ముందుకి రాలేదు. "ఆదివారం వినిపిస్తానండీ," అన్నాను. ఆయన తల ఊపి, పలక చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నానికి చివరి ముక్కల దాకా వచ్చాను, నా చెవులు వాచిపోయాయి. అప్పుడు దొరికింది. ఒక ముక్కలో హార్మోనియం పండుగ కీర్తన వరస ఎత్తుకుంది, తెగలేదు. మాస్టారి గొంతు వచ్చింది, తెగలేదు. పల్లవి మొత్తం పాడారు. మొదటి చరణంలోకి వెళ్ళారు. ఎక్కడా బరబర లేదు, నాలుగో కాలమ్ లేదు. ప్రాక్టీసుల్లో ఆయన పూర్తి గొంతుతో పాడినప్పుడు, మేమందరం చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చేశాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి, పూర్తిగా విన్నావా అని అడిగారు. చరణం సగంలో ఉంది, ఇంకేం వినాలి, బంగారంలా ఉంది అని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అప్పుడే పాస్టరు గారికి ఫోన్ చేసి దొరికిందని చెప్పేశాను. "చివరిదాకా ఒక్కసారి వినకూడదూ," అన్నారు మా ఆయన. ఆ మాట నేను వినలేదు. వినడంలో నాకున్న అనుభవం మీకు తెలిసిందే కదా.

ఆదివారం చర్చి నిండిపోయింది. ముందు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. మొదటి వరసలో మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒళ్ళో పలకతో కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో పిన్నిగారు. క్వయర్ అంతా లేచి నిలబడ్డాం. నా పక్కనే బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది, వైరు సౌండ్ బాక్సులకి పోయింది. నేను బటన్ నొక్కాను.

హార్మోనియం మోగింది. తర్వాత ఆయన గొంతు చర్చి నిండా పరుచుకుంది. ఒక్క పిల్లాడు ఏడవలేదు. కోళ్ళు కూడా కదల్లేదు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని, ఎవరో కొత్త మనిషి పాట వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచి విన్నారు. నా తప్పు ఎవరికీ తెలియకుండానే గట్టెక్కానని నాకు అంతులేని ఊరట కలిగింది.

మొదటి చరణం చివరికొచ్చింది. రెండో చరణం మేమందుకోవాలి. క్వయర్ అంతా ఊపిరి పీల్చుకుంది. ఆ క్షణంలో ఏమైందో మీరు ఊహించి ఉంటారు. అందరికంటే రెండడుగులు ముందు నేను ఎత్తేసుకున్నాను. విచిత్రం ఏంటంటే సరిగ్గా అదే క్షణంలో సౌండ్ బాక్సులోంచి కూడా ఎవరో ఒక పిల్ల సన్నటి గొంతుతో రెండడుగులు ముందే ఎత్తేసుకుంది. అది నేనే. అది ఎప్పుడో జరిగిన ప్రాక్టీసు రికార్డు. బాక్సులో హార్మోనియం టక్కున ఆగింది. తర్వాత మాస్టారి గొంతు, పాడే గొంతు కాదు, మామూలు గొంతు, చర్చి పైకప్పు దాకా వినిపించింది.

"ఆగమ్మా విమలా. ఎక్కడికమ్మా ఆ తొందర? నీకేమన్నా బస్సుందా? తాళం పడేదాకా ఆగితే ఏం పోద్దమ్మా?"

రికార్డు అక్కడితో అయిపోయింది.

నేను నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను. ఆ తిట్టు అప్పటిదో, ఇప్పటిదో ఎవరికీ అర్థం కాలేదు. ముందు క్వయర్‌లో మగవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత చర్చి అంతా నవ్వింది. పాస్టరు గారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు, నవ్వుతున్నారు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పలక మీద రాసి పైకెత్తి చూపించారు. "మళ్ళీ పెట్టు."

ఆ రోజు ఆ చర్చిలో నన్ను నాలుగుసార్లు తిట్టించారు. ప్రసంగం ఆలస్యమైంది.

ఆరాధన అయ్యాక, బయట గుమ్మడికాయల వేలంపాట జరుగుతుంటే, మాస్టారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. వైరు లాగడం, ఫార్మాట్, నలభై భాగాలు, అంతా. ఆయన పలక మీద, "మిగతావి?" అని రాశారు.

"లేవండీ మాస్టారూ. పూర్తిగా ఉన్నది ఇదొక్కటేనండీ."

ఆయన పలక తుడిచారు. మళ్ళీ ఏమీ రాయలేదు.  తిట్టినా బావుండుననిపించింది. తాళం పడేదాకా ఆగితే ఏం పోద్దమ్మా అని ఆయన ఎప్పుడో అడిగారు. ఏం పోతుందో ఆ రోజు నాకు తెలిసింది.

అప్పుడు పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "పోనీలేమ్మా. ఆయన పాటలు ఊరంతా విన్నారు, నాకవి కంఠతా వచ్చు. ఇంట్లో నేను ముప్పై ఏళ్ళు విన్నది ఇదిగో, ఈ కసురుకోవడమే. అది ఏ డిస్క్‌లోనూ లేదనుకున్నాను. ఆ ముక్క నా ఫోన్‌లో వేసిపెట్టు," అన్నారు. మాస్టారు ఆవిడ వైపు చూశారు. తర్వాత బలపం తీసి చిన్న అక్షరాలతో, "శనివారం ప్రాక్టీసుకి అందరూ రండి. మొదట్నుంచీ నేర్పుతా. నువ్వు అరగంట ఆలస్యంగా రా," అని రాసి నాకు చూపించారు.

ఇప్పుడు పాటలన్నీ మా గొంతుల్లో రికార్డు చేస్తున్నాం. ఆయన హార్మోనియం వాయిస్తారు, పలక ఎత్తుతారు. మూడు డిస్కుల్లో, మూడు ఇళ్ళలో దాస్తున్నాం. ఒక్క డిస్క్ కూడా మా ఇంట్లో పెట్టలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. తగిన ఫార్మాట్‌లోనే సమర్పించుకుంటున్నాను. క్రమసంఖ్య, ఒకటి. పేరు, విమల. హోదా, జూనియర్ అసిస్టెంటు మరియు రెండడుగులు ముందు పాడే గాయని. వివరాలు, ఇకమీదట తెర మీద ఏ ప్రశ్న వచ్చినా దాన్ని చివరి అక్షరం దాకా చదివి, మా ఆయనకి వినిపించి, పది లెక్కపెట్టి, ఆ పైన కూడా నొక్కకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. రిమార్కులు, నమ్మకం తక్కువ.

ఎందుకు తక్కువంటే, ఈ జ్ఞాపకమంతా టైపు చేయడం అయ్యాక మూసేయబోతే, దీన్ని దాచమంటారా, వద్దా అని కంప్యూటర్ అడిగింది. బస్సుకి టైమవుతోంది. నా వేలు ఎప్పటిలాగే ప్రశ్న పూర్తవకుండానే 'వద్దు' మీదికి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే ఎదురింట్లో పిన్నిగారి ఫోన్ మోగింది. ఆవిడ ఆ ముక్కని రింగ్‌టోన్‌గా పెట్టించుకుని నాలుగేళ్ళయింది. "ఆగమ్మా విమలా," అంది ఫోను.

ఆగాను. అందుకే ఇది మీ చేతికి వచ్చింది.